సెట్టు మోసేవాడి మెట్లు: ప్రత్యేక దళాల్లో సిగ్నల్స్ ఉద్యోగం

కొడుకు ఆర్మీకి వెళ్తానంటే ఇంట్లో మొదట అడిగే మాట ‘ఏ బ్రాంచి?’ అని. ఇన్‌ఫాంట్రీ, అంటే కాల్బలం అంటే ముఖాలు మారిపోతాయి. సిగ్నల్స్ అంటే మాత్రం తల్లి మనసు కాస్త కుదుటపడుతుంది. ‘వైర్‌లెస్ పనే కదా, నీడపట్టున కూర్చుని చేసుకోవచ్చు’ అని చుట్టాలకు కూడా చెప్పుకుంటారు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఈ ధోరణి ఎక్కువ. కుర్రాడి చేతిలో ఈసీఈ డిప్లొమా ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ఆ నమ్మకంలో సగం నిజమే. సైన్యంలో సిగ్నల్స్ పని చాలావరకు ఎక్స్ఛేంజీల్లో, సర్వర్ గదుల్లో, కేబుల్ లైన్ల మీద నడుస్తుంది. మిగతా సగం ఏమిటో తెలియాలంటే బెంగళూరులోనే జె.సి. నగర్ వైపు చూడాలి. పారాచూట్ రెజిమెంట్ శిక్షణ కేంద్రం 1992లో ఆగ్రా నుంచి ఇక్కడికి వచ్చింది. 2019లో ధోనీ క్రికెట్ నుంచి విరామం తీసుకుని కొన్నాళ్లు గడిపింది ఈ రెజిమెంట్‌తోనే. మెరూన్ టోపీ పెట్టుకునే పారా దళాలకు, వాటిలో మరింత వడపోత తర్వాత తయారయ్యే పారా స్పెషల్ ఫోర్సెస్‌కు సైనికులు ఇక్కడి నుంచే వెళ్తారు. అక్కడ రేడియో సెట్టు పట్టుకున్నవాడికి నీడపట్టు ఉండదు. అందరితో పాటే విమానంలోంచి దూకాలి, అందరితో పాటే నడవాలి. బరువు మాత్రం అందరికన్నా కాస్త ఎక్కువ మోయాలి. ఆయుధం, తూటాలు, నీళ్లు, తిండి ఎలాగూ ఉంటాయి. వాటి మీద వీపున మోసే సెట్టు, యాంటెన్నా తీగ, అదనపు బ్యాటరీలు కలిపితే ఇంకో పది కిలోల దాకా సులువుగా చేరుతుంది. ఇంత మోసుకెళ్లినవాడు చేయాల్సింది అందరికంటే తక్కువ మాట్లాడటం.

ఈ వైరుధ్యం అర్థమైతే తప్ప ఈ ఉద్యోగంలో ఎవరు పైకి వస్తారో, ఎందుకు వస్తారో తెలియదు. రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూస్తే బోధపడుతుంది.

మొదటిది 1987 అక్టోబరు 11 రాత్రి, శ్రీలంకలోని జాఫ్నాలో. భారత శాంతి పరిరక్షక దళం తమిళ వేర్పాటు సాయుధ సంస్థ ఎల్‌టీటీఈ నాయకత్వాన్ని ఒక్క దెబ్బతో పట్టుకోవాలని జాఫ్నా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో హెలికాప్టర్ల నుంచి కమాండోలను దించింది. పది పారా కమాండో బెటాలియన్ వాళ్లు, వాళ్లతో పాటు పదమూడో సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ వాళ్లు. అయితే భారత దళాల రేడియో సంభాషణలను ఎల్‌టీటీఈ అప్పటికే వింటోంది. ఎవరు వస్తున్నారో, ఎక్కడ దిగుతారో తెలుసుకుని కాచుకుని కూర్చుంది. దిగిన సిక్కు ప్లటూన్‌లో రేడియో ఆపరేటర్ మొదట్లోనే తూటాకు బలయ్యాడు. దాంతో వెనక ఉన్న కమాండ్‌తో ఆ ప్లటూన్‌కు సంబంధం తెగిపోయింది. ముప్పై మంది దాకా ఉన్న ఆ ప్లటూన్‌లో ఒక్కరే ప్రాణాలతో మిగిలారు, ఆయన కూడా బందీగా చిక్కారు. ఒకే రాత్రి రెండు పాఠాలు: అంతకుముందు మాట బయటికి పొక్కడం వల్ల శత్రువు సిద్ధమయ్యాడు, ఆ తర్వాత మాట అందకపోవడం వల్ల సాయం రాలేదు.

రెండోది అంతకు ఏడేళ్ల ముందు, 1980 ఏప్రిల్ 24న. టెహ్రాన్‌లో బందీలుగా ఉన్న తమ వాళ్లను విడిపించడానికి అమెరికా ఎనిమిది హెలికాప్టర్లను ఇరాన్ ఎడారి మీదుగా పంపింది. ముందుకు సాగాలంటే కనీసం ఆరు కావాలి. పైలట్లకు రేడియోలో మాట్లాడొద్దని గట్టి ఆదేశం. దారిలో దుమ్ము మేఘాలు కమ్ముకున్నాయి. ఒక హెలికాప్టర్ పైలట్ పరికరాలు మొరాయించడంతో, ముందు దారి ఎలా ఉందో తెలియక వెనక్కి తిరిగాడు. నిజానికి కాస్త ముందుకు పోతే ఆకాశం తేటగా ఉంది. ఆ మాట చెప్పేవాళ్లు లేరు, చెప్పే వీలూ లేదు. చివరికి పనికొచ్చే హెలికాప్టర్లు ఐదే మిగిలాయి, ఆపరేషన్ రద్దయింది. తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుండగా ఎడారిలోనే ఒక హెలికాప్టర్ విమానాన్ని ఢీకొని ఎనిమిది మంది చనిపోయారు. ఆ తర్వాత జరిగిన సమీక్షలో మితిమీరిన రేడియో మౌనం కూడా ఒక కారణంగా తేలింది.

జాఫ్నాలో మాట చంపింది, ఇరాన్‌లో మౌనం చంపింది. సిగ్నలర్ జీతం తీసుకునేది ఈ రెంటి మధ్య ఉన్న సన్నని దారిలో నడవడానికే. కింది మెట్టు మీద ఉన్నప్పుడు ఆ దారిలో తను నడుస్తాడు. పై మెట్టుకు పోయేకొద్దీ, ఇతరులు ఎప్పుడు నడవాలో ఎప్పుడు ఆగాలో తను నిర్ణయిస్తాడు. ప్రమోషన్ అంటే ఇక్కడ అసలు అర్థం అదే. భుజం మీద గుర్తులు దాని తర్వాతే.

పని ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడాలి. నలుగురైదుగురు సైనికులు కొండల మధ్య లోయలో నక్కి ఉన్నారనుకుందాం. చేతిలో పట్టే వీహెచ్ఎఫ్ (వెరీ హై ఫ్రీక్వెన్సీ) సెట్టు దాదాపుగా కంటికి ఎదురుగా ఉన్నంత మేరకే పనిచేస్తుంది. కొండ అడ్డం వస్తే అంతే సంగతులు. అవతల వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న స్థావరానికి మాట చేరాలంటే రెండే దారులు. ఒకటి ఉపగ్రహం, రెండోది పాత హెచ్ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ). మూడు నుంచి ముప్పై మెగాహెర్ట్జ్ మధ్య ఉండే హెచ్ఎఫ్ తరంగాలు పైకి వెళ్లి, వాతావరణం పై పొరల్లో ఉన్న అయనోస్ఫియర్‌కు తగిలి, కిందికి తిరిగొస్తాయి. యాంటెన్నా తీగను ఎత్తుగా కాకుండా నేలకు దగ్గరగా అడ్డంగా కడితే తరంగాలు దాదాపు నిట్టనిలువుగా పోయి, కొండల తలల మీదుగా చుట్టుపక్కల రెండు మూడు వందల కిలోమీటర్ల మేర గొడుగులా పడతాయి. లోయలో ఉన్నవాడికి ఇది ప్రాణాధారం.

కానీ ఆ పొరలు సూర్యుడి మీద ఆధారపడి ఉంటాయి. పగలు పనిచేసిన ఫ్రీక్వెన్సీ చీకటి పడ్డాక పనిచేయదు, రాత్రికి తక్కువ ఫ్రీక్వెన్సీకి దిగాలి. ఫ్రీక్వెన్సీ మారితే తీగ పొడవూ మారాలి. 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే వచ్చేది మీటర్లలో తీగ పొడవు. పగలు ఏడు మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తే ఇరవై మీటర్ల పైచిలుకు, రాత్రి నాలుగుకు దిగితే దాదాపు ముప్పై ఆరు మీటర్లు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు, టార్చి వెలిగించకుండా, రెండు చెట్ల మధ్య ముప్పై ఆరు మీటర్ల తీగ కట్టడం ఏసీ గదిలో నేర్చుకునే విద్య కాదు. అనుభవం ఉన్నవాళ్లు తీగకు ముందే ముడులు వేసి పెట్టుకుంటారు. చీకట్లో వేళ్లతో ముడులు లెక్కపెట్టి పొడవు తెలుసుకోవచ్చు.

తీగ కట్టాక మాట్లాడటం ఇంకో పరీక్ష. మీట నొక్కిన మరుక్షణం నోరు విప్పితే మొదటి అక్షరం అవతలికి వెళ్లదు. నొక్కి, ఒక సెకను ఆగి, అప్పుడు మాట్లాడాలి. చెప్పాల్సింది ముందే కాగితం మీదో మనసులోనో కుదించి పెట్టుకోవాలి. ఎందుకంటే మీట నొక్కి ఉంచినంతసేపూ ఆ సెట్టు శత్రువుకు కూడా దీపంలా కనపడుతూనే ఉంటుంది. అవతలి పక్క రెండు మూడు చోట్ల దిశను పట్టే యాంటెన్నాలు ఉంటే, ఒక్కోటి గీసే గీత ఎక్కడ కలుస్తుందో అక్కడ మనవాళ్లు ఉన్నట్టే. అందుకే సందేశాన్ని కుదించి రెప్పపాటులో పంపే పద్ధతులు వచ్చాయి. క్షణానికి ఎన్నోసార్లు ఫ్రీక్వెన్సీ మార్చుకుంటూ గెంతే సెట్లూ వచ్చాయి. ఈ గెంతే సెట్లలో రెండు పక్కలా ఒకే రహస్య కీ ఉండాలి, గడియారాలు కూడా కలవాలి. ఒక సెట్టు గడియారం తప్పితే అవతలివాడికి వినపడేది గరగర శబ్దమే. సెట్టు శత్రువు చేతికి పోయేలా ఉంటే ఆ కీని ఒక్క మీటతో తుడిచేయాలి. చెరిపేయడం మర్చిపోయినవాడి వల్ల ఆ దళం ఒక్కటే కాదు, ఆ కీ వాడే ప్రతి దళమూ ప్రమాదంలో పడుతుంది.

క్లుప్తతకు బెంగళూరు జనానికి తెలిసిన ఉదాహరణ ఒకటుంది. యెలహంక వైపు వెళ్లేవాళ్లు మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ రోడ్డు మీదుగా పోతుంటారు. 2008 నవంబరులో ముంబై తాజ్ హోటల్లో నేషనల్ సెక్యూరిటీ గార్డ్ (ఎన్‌ఎస్‌జీ) తరఫున ఉగ్రవాదులతో పోరాడి అమరుడైన ఆ అధికారి చివరిగా తన మనుషులకు చెప్పిన మాట, పైకి రావద్దు, నేను చూసుకుంటానన్నదని పత్రికల్లో వచ్చింది. ఆ మాటను ధైర్యానికి గుర్తుగా తలుచుకోవడం సహజం. సిగ్నల్స్ వాళ్ల కళ్లతో చూస్తే అందులో ఇంకోటి కూడా ఉంది. ఏం చేయకూడదో, ఎందుకో, రెండు ముక్కల్లో.

ఇక మెట్ల సంగతి. మన సైన్యంలో ఈ పనికి రెండు నిచ్చెనలు ఉన్నాయి. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుని పొరపాటు పడతారు.

మొదటిది కోర్ ఆఫ్ సిగ్నల్స్ నిచ్చెన. 1911 ఫిబ్రవరి 15న ఈ దళం విడిగా ఏర్పడింది. అంతకు ముందు వార్తలు చేరవేసే పని శాపర్లది, అంటే ఇంజినీర్ దళాలది. హలసూరు చెరువు పక్కన ఉన్న మద్రాస్ శాపర్ల వారసులు కూడా ఆ కోవకు చెందినవాళ్లే. సిగ్నల్స్ సైనికులకు జబల్‌పూర్, గోవాల్లో శిక్షణ కేంద్రాలున్నాయి. పై స్థాయి చదువు మధ్యప్రదేశ్‌లోని మౌలో ఉన్న మిలిటరీ టెలికమ్యూనికేషన్ కళాశాలలో. గణతంత్ర దినోత్సవ పెరేడ్‌లో మోటారు సైకిళ్ల మీద పిరమిడ్ కట్టి చప్పట్లు కొట్టించుకునే డేర్ డెవిల్స్ బృందం వీళ్లదే. రేడియోలు అంతగా లేని రోజుల్లో సందేశాలు మోటారు సైకిళ్ల మీదే వెళ్లేవి, ఆ విన్యాసాల వేరు అక్కడుంది. ఈ దళంలో చేరినవాడు సిగ్నల్‌మన్‌గా మొదలై లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్, తర్వాత నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్ దాకా వెళ్లొచ్చు. ఇందులోంచి ఇష్టపడి ముందుకొచ్చి, పారా ప్రొబేషన్ (పరీక్షా కాలం) దాటి, ఆగ్రాలో ఐదు జంపులు పూర్తి చేసి వింగ్స్, అంటే పారాట్రూపర్ గుర్తు సంపాదించినవాళ్లు యాభయ్యో పారా బ్రిగేడ్ సిగ్నల్ కంపెనీ లాంటి చోట్లకు వెళ్తారు. టోపీ రంగు మారుతుంది. ప్రమోషన్ లెక్కలు మాత్రం సిగ్నల్స్ దళంతోనే ముడిపడి ఉంటాయి.

రెండోది పారాచూట్ రెజిమెంట్ నిచ్చెన. ఇందులో చేరినవాడు సిగ్నల్‌మన్ కాడు, పారాట్రూపర్. స్పెషల్ ఫోర్సెస్ బెటాలియన్‌లో నిలదొక్కుకున్నాక ఆయుధాలు, పేలుడు పదార్థాలు, వైద్యం, దారి చూపడం, కమ్యూనికేషన్ లాంటి వాటిలో ఒక ప్రత్యేకత ఎంచుకుంటాడు. పక్కవాడి పని కూడా కొంత నేర్చుకోవాల్సిందే. జాఫ్నాలో జరిగినట్టు రేడియో పట్టుకున్నవాడే ముందు నేలకొరిగితే, సెట్టు అందుకునేవాడు ఇంకొకడు ఉండాలి కదా. ఇతని ప్రమోషన్ రెజిమెంట్‌లో, యూనిట్‌లో ఉన్న ఖాళీలతో ముడిపడి ఉంటుంది. బాగా పనిచేసే కమ్యూనికేషన్ నిపుణుడు హవల్దార్ అయ్యాక చిన్న దళాన్ని నడిపించే బాధ్యత మీద పడుతుంది. సెట్టు కొత్తవాడి వీపు మీదకు చేరుతుంది.

ఈ రెండు నిచ్చెనల్లో ఏది మేలంటే సూటిగా జవాబు చెప్పడం కష్టం. మొదటిదానిలో విద్య లోతుగా అబ్బుతుంది. కానీ దూకే దళాల నుంచి మళ్లీ మామూలు సిగ్నల్స్ రెజిమెంట్‌కు బదిలీ అయితే అక్కడ సంపాదించిన ప్రత్యేకత కొంత మరుగున పడుతుంది. రెండోదానిలో పక్కవాళ్ల నమ్మకం ఎక్కువ, జీవితాంతం ఒకే కుటుంబంలా ఉంటారు. అయితే పైకి పోయేకొద్దీ నిపుణుడు నాయకుడైపోతాడు, యాంటెన్నా వెనక పడిపోతుంది.

అమెరికా ఈ చిక్కుముడిని ఇంకోలా విప్పుకుంది. వాళ్ల ఆర్మీ స్పెషల్ ఫోర్సెస్‌లో అసలు దళం పన్నెండు మందితో ఉంటుంది. అందులో కమ్యూనికేషన్ సార్జెంట్లు ఇద్దరు. ఆ ఇద్దరు ఎందుకంటే దళం ఆరుగురు చొప్పున రెండుగా చీలితే ప్రతి సగానికీ ఒక రేడియో మనిషి ఉండాలని. వాళ్ల వృత్తి కోడ్ కూడా వేరే, పద్దెనిమిది ‘ఇ’. ఆ పనిలో రాటుదేలినవాళ్లు తర్వాత దళం మొత్తానికి ఆపరేషన్స్ సార్జెంట్ అవుతారు, లేదా వారంట్ ఆఫీసర్ అయి దళానికి ఉపనాయకులవుతారు. అంటే రేడియో మోసినవాడికి ఆ దళంలోనే పైదాకా దారి ఉంది. ఇరాన్ ఎడారి దెబ్బ తర్వాత ప్రత్యేక దళాల కమ్యూనికేషన్ గురించి విడిగా ఆలోచించడం మొదలుపెట్టి, 1987 ఏప్రిల్‌లో ప్రత్యేక ఆపరేషన్ల కమాండ్ ఒకటి ఏర్పాటు చేసుకున్నారు. మన దగ్గర మూడు సేనల ప్రత్యేక దళాలను ఒక గొడుగు కిందికి తెచ్చే డివిజన్ 2019లో గానీ రూపు దిద్దుకోలేదు. సైన్యపు పారాలు, నౌకాదళపు మార్కోస్, వైమానిక దళపు గరుడ్‌లు కలిసి వెళ్లాలంటే ముగ్గురి సెట్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ముగ్గురూ వేర్వేరు కాలాల్లో వేర్వేరు సెట్లు కొనుక్కున్నవాళ్లు. ఇలాంటి చోట ఒక మంచి సుబేదార్ విలువ ఖరీదైన పరికరం విలువకు తక్కువేం కాదు.

హవల్దార్ దాటి నాయబ్ సుబేదార్ అయ్యాక పని తీరే మారిపోతుంది. ఇప్పుడతను సెట్టు మోయడు, ప్రణాళిక మోస్తాడు. ఏ జట్టు ఏ వేళకు ఏ ఫ్రీక్వెన్సీలో ఉండాలి, అది పనిచేయకపోతే రెండోది ఏది, అదీ కాకపోతే మూడోది ఏది. ఎన్ని గంటలకు ఒకసారి పలకరించుకోవాలి, రెండుసార్లు పలకకపోతే ఏం అనుకోవాలి. ఎన్ని బ్యాటరీలు, చలిలో అవి ఎంత త్వరగా దిగిపోతాయి. ఇవన్నీ ఒక కాగితం మీదికి వస్తాయి. ఆపరేషన్ మొదలయ్యాక అతని ముందు ఉండేది గడియారం, నిశ్శబ్దంగా ఉన్న స్పీకర్. నాలుగు గంటలకు పలకాల్సిన జట్టు పలకలేదు. కమాండర్ అతని ముఖం చూస్తాడు. సెట్టు పాడైందా, కొండ అడ్డొచ్చిందా, కావాలనే మౌనంగా ఉన్నారా, లేక జరగకూడనిది జరిగిందా? ఆ టెన్షన్‌లో ‘ఇంకో అరగంట ఆగుదాం సార్, ఆ జాగాలో ఈ టైమ్‌కు హెచ్ఎఫ్ అందదు’ అని స్థిమితంగా చెప్పగలిగేది ఒకప్పుడు అలాంటి లోయలో తీగ కట్టినవాడే. అతను చెప్పేది ఒక్క వాక్యమే. దాని వెనక పదిహేనేళ్లు ఉంటాయి.

అధికారుల దారి వేరు. బీటెక్ చదివినవాళ్లు షార్ట్ సర్వీస్ కమిషన్ కింద ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో 49 వారాల శిక్షణ పొంది లెఫ్టినెంట్లుగా బయటికి వస్తారు. పదేళ్ల సర్వీసు, కావాలంటే మరో నాలుగేళ్లు, అర్హత ఉంటే పర్మనెంట్ కమిషన్. రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్ హోదా సర్వీసును బట్టి వస్తాయి. కల్నల్ దగ్గర మాత్రం వడపోత మొదలవుతుంది, అక్కడ సెలెక్షన్ బోర్డు కూర్చుంటుంది. ప్రత్యేక దళాల్లో గడిపిన ఏళ్లు గౌరవం తెస్తాయి. బోర్డు ముందు మాత్రం మామూలు సిగ్నల్స్ యూనిట్‌ను నడిపిన అనుభవం కూడా చూపాలి, అందువల్ల ఆ వైపు మొగ్గిన అధికారి మధ్యమధ్యలో వెనక్కి రావాల్సి వస్తుంది. మహిళలకు సిగ్నల్స్‌లో దారి కొంత విశాలమైంది. 2020 సైనిక దినోత్సవ పెరేడ్‌కు అడ్జుటెంట్‌గా నిలిచిన తొలి మహిళ, కెప్టెన్ తానియా షేర్గిల్, చెన్నై అకాడమీ నుంచి వచ్చిన సిగ్నల్స్ అధికారే. అదే ఏడాది ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో మహిళలకు పర్మనెంట్ కమిషన్ హక్కు గట్టిపడింది. 2021 ఆగస్టులో సిగ్నల్స్ నుంచి ఒక మహిళా అధికారికి మొదటిసారి కల్నల్ హోదా దక్కింది. సైన్యపు పారా ప్రత్యేక దళాల పోరాట విధులు మాత్రం వాళ్లకు ఇంకా తెరుచుకోలేదు.

జవాను స్థాయిలో ఇప్పుడు పెద్ద ప్రశ్న అగ్నిపథ్. 2022 జూన్‌లో ప్రకటించిన ఈ పథకంలో చేరినవాళ్లకు నాలుగేళ్ల సర్వీసు. వాళ్లలో 25 శాతం వరకు శాశ్వతంగా తీసుకుంటారు. మిగిలినవాళ్లకు దాదాపు 11.71 లక్షల రూపాయల సేవానిధి ఇచ్చి పంపేస్తారు. ప్రవేశ పరీక్ష ఇప్పుడు తెలుగులో కూడా రాయొచ్చు, ఇది మన పిల్లలకు చిన్న మేలు కాదు. అయితే పైన చెప్పిన సుబేదార్ నోట వచ్చిన ఒక్క వాక్యానికి పదిహేనేళ్లు పట్టింది. నాలుగేళ్లలో సెట్టు నడపడం నేర్పొచ్చు, ముడులు వేసిన తీగ కట్టడం నేర్పొచ్చు. ఆగుదామా వద్దా అని చెప్పే తెలివి నేర్పగలరా అన్నది సందేహమే. ఉండిపోయే పావు వంతులో ఇలాంటి ప్రత్యేక నైపుణ్యం ఉన్నవాళ్లను ఎంతమందిని ఎంచుకుంటారన్న దాని మీదే రేపటి సిగ్నల్స్ సుబేదార్లు ఆధారపడి ఉన్నారు.

తెలుగు నేల నుంచి ఈ దారిలో వెళ్లినవాళ్లు లేకపోలేదు. పశ్చిమ గోదావరిలో మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు, అక్కడ సైన్యం ఇంటి వృత్తి లాంటిది. బెంగళూరుకు దగ్గరలో కలికిరి సైనిక్ స్కూల్ ఉంది. కురబలకోట మండలానికి చెందిన లాన్స్ నాయక్ సాయితేజ పారా ప్రత్యేక దళం నుంచే జనరల్ రావత్ (అప్పటి త్రివిధ దళాధిపతి) అంగరక్షకుడిగా ఎంపికయ్యాడు. 2021 డిసెంబరు 8న కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయాక ఆయన భౌతికకాయాన్ని బెంగళూరు మీదుగానే సొంతూరికి తెచ్చారు. దారి పొడవునా జనం నిలబడ్డారు.

సర్వీసు అయిపోయాక ఈ మనుషులు ఎక్కడ తేలతారన్నది కూడా ఈ ఉద్యోగం లెక్కలోకే వస్తుంది. కాగితం మీద చూస్తే బెంగళూరు వాళ్ల కోసమే కట్టినట్టుంటుంది. 1954లో జాలహళ్లిలో పుట్టిన భారత్ ఎలక్ట్రానిక్స్ సైన్యానికి సెట్లు చేస్తుంది. నౌకాదళం కోసం సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియోల ఒప్పందం 2021లో దానికే దక్కింది. రక్షణ పరిశోధన సంస్థ ప్రయోగశాలలు ఇక్కడ ఉన్నాయి. 2013లో నౌకాదళానికి జీశాట్-7ను, 2018లో వైమానిక దళానికి జీశాట్-7ఏను పంపిన ఇస్రో ప్రధాన కార్యాలయం ఇక్కడే. సెట్టు మీద ఏ నాబ్ ఎక్కడుండాలో, గ్లవ్స్ వేసుకున్న వేలికి అది అందుతుందో లేదో, చీకట్లో ఎన్ని ‘టక్కు’లు లెక్కపెడితే సరైన చానల్ వస్తుందో ఇంజినీరు కంప్యూటర్లో చూసి చెప్పలేడు. లోయలో పడుకున్నవాడు చెప్పగలడు. కొన్ని చోట్ల అలాంటివాళ్లను పిలిచి అడుగుతారు, పరీక్షల్లో కూర్చోబెడతారు. కానీ చాలామందికి డిగ్రీ ఉండదు. ఇరవై నాలుగేళ్ల విద్యకు బయట చెల్లే సర్టిఫికెట్ ఉండదు. హెచ్ఆర్ ఫారంలో ఆ అనుభవం రాసుకోవడానికి గడి ఉండదు.

దాంతో వాళ్లలో కొందరు వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ఐటీ పార్కుల గేట్ల దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్లుగా కనపడతారు. ఉదయం తొమ్మిదింటికి కార్లు బారులు తీరుతాయి. గార్డులందరి వాకీటాకీలూ ఒకేసారి మోగుతుంటాయి, ఒకరి మాట మీద ఇంకొకరి మాట. పాత సిగ్నలర్‌ను అప్పుడు గుర్తుపట్టొచ్చు. చానల్ ఖాళీ అయ్యేదాకా ఆగుతాడు. మీట నొక్కుతాడు, ఒక సెకను ఊరుకుంటాడు. ‘బీ గేట్, రెండో లేన్ తెరువు’ అంటాడు. మీట వదిలేస్తాడు.